ఖర్జూరపు గింజల డబ్బా

ఇస్తారి ఎడమచేత్తో రోకలి పట్టుకుని ఖర్జూరపు గింజలు దంచుతున్నాడు. కుడిచేయి ఊరికే రోలు అంచున ఆనించి ఉంది. చూసేవాళ్లకు రెండు చేతులూ పనిలో ఉన్నట్టు కనబడాలని అతని తాపత్రయం. కుడిచేతి వేళ్లకు ఎండాకాలం నుంచి స్పర్శ లేదు. వాళ్ల అయ్యకూ కుష్ఠు ఇలాగే వేళ్ల కొసల్లో మొదలైంది. ఊరు ఆయన్ని చెలకలో గుడిసెకు తోలి, కూడు దూరం నుంచి విసిరింది. ఇస్తారికి చావంటే అంత భయం లేదు. ఆ గుడిసె అంటేనే గుండె జారిపోతుంది.

దుబాయికి దూరంగా ఎడారిలో ఉన్న బురైమి బజారులో అబ్దుల్ వహాబ్‌ది తుపాకుల రిపేరు కొట్టు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఇస్తారి తోమి ఇస్తే, వాటిలో మళ్లీ మందు కూరి, గుండు బిగిస్తాడు. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చడానికి వాటికి మంచి గిరాకీ. ఇన్నాళ్లూ ఇస్తారి ఒక్కొక్క గొట్టాన్నీ చింతపండు నీళ్లలో నానబెట్టి వేళ్లతో తోమేవాడు. ఇప్పుడవి చేజారి పడుతున్నాయి. వహాబ్ ఒకటి రెండుసార్లు వింతగా చూశాడు. ఈసారి చూస్తే చేయి చాపమంటాడు. చాపితే ఇంటికి పంపేస్తాడు.

అందుకే ఈ డబ్బా తయారైంది. పెద్ద రంగు డబ్బాను అడ్డంగా రెండు ఇనుప కడ్డీల మీద పడుకోబెట్టి, లారీ ట్యూబు కోసి చేసిన బెల్టుతో పాత కూలర్ మోటారుకు తగిలించాడు. తిరిగినప్పుడల్లా గొట్టాలు పైకి లేచి గింజల పొడిలో పడి, రాసుకుని మకిలి వదిలేలా లోపల చెక్క పట్టీలు బిగించాడు. మోటారు తెచ్చిచ్చింది రూమ్‌లో పక్క మంచం లచ్చన్న. సైట్‌లో మేస్త్రీ.

"డబ్బ మంచిగనే తిరుగుతది గని, చెయ్యి ఎన్నొద్దులు దాస్తవ్ రా? దవాఖాన్ల సూపియ్యరాదు," అన్నాడు లచ్చన్న పొద్దున డ్యూటీకి పోతూ.

"సూపిస్తె ఇంటికి తోల్తరన్నా. ఊల్లె నన్ను గూడ గా గుడిసెలనే ఏస్తరు."

లచ్చన్న తలకు తువ్వాలు చుట్టుకుని సైట్ దారి పట్టాడు.

ఆ రోజు పని సయీద్ అనే ముసలాయనది. చిన్నకొడుకు పెళ్లని, తన బెల్టులోని ఖాళీ తూటాలన్నీ ఇచ్చిపోయాడు. పెద్దకొడుకు ఆ దేశానికి దక్షిణాన ఉన్న కొండల్లో యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఆ యుద్ధం ముగిసిందని రేడియోలో ఈమధ్యనే చెప్పారు. ఏళ్లనాటి మకిలి కావడంతో గొట్టాలు ఉత్త గింజల పొడికి లొంగలేదు. ఇస్తారికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఇత్తడి బిందె నల్లబడితే చింతపండులో ఇటుక పొడి అద్ది తోమేది, బిందె బంగారంలా తేలేది. ఇక్కడ ఇటుక ఎక్కడిది? పగిలిన నీళ్ల కూజా పెంకులు దంచి, ఆ ఎర్రపొడి డబ్బాలో పోశాడు.

మధ్యాహ్నం మూత తీస్తే అన్నీ మిలమిలా మెరిశాయి. ఇస్తారికి ప్రాణం లేచొచ్చింది. ఇక ఈ చేయి ఎవరికీ చూపించనక్కర్లేదు. తెలియకుండానే కూనిరాగం తీశాడు కూడా.

వహాబ్ మందు కూరి, గుండ్లు బిగించాక సయీద్ వచ్చి ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడిమి బెల్టులో పెట్టుకోసాగాడు. చివరిదాకా తడిమి, అన్నీ బయటికి తీసి, మళ్లీ మొదటి నుంచి తడిమాడు. వహాబ్‌తో అరబ్బీలో ఏదో అన్నాడు. వహాబ్ ముఖం మాడిపోయింది. ఇస్తారి వైపు తిరిగి వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు.

"ఒకదాని మీద నిషాన్ ఉండాలట ఇస్తారీ, ఇప్పుడు దేని మీదా లేదు. యుద్ధానికి పోయే ముందు పెద్దకొడుకు మేకుతో గీశాడట, వాళ్ల ఒంటెలకు వేసే వాత గుర్తు. తోమేటప్పుడు వేలికి తగల్లేదా అంటున్నాడు."

ఇస్తారి చేయి వెనక్కి దాచుకున్నాడు. ముసలాయన అరవలేదు. ఇస్తారి కుడిచేయి అందుకుని ఒక తూటా పెట్టాడు. అది జారి కింద పడింది. ముసలాయన ఆ చేతిని వెలుగులోకి తిప్పి, వేలి కొసను గోటితో గట్టిగా గిచ్చాడు. ఇస్తారి ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. వేలి మీద నెత్తురు చూశాకే గిచ్చాడని తెలిసింది. అప్పటికే వహాబ్ కూడా చూసేశాడు.

వహాబ్ చెడ్డవాడు కాదు, తిట్టలేదు. తన టీ గ్లాసును మాత్రం ఇస్తారి గ్లాసు పక్కనుంచి మెల్లగా ఇవతలికి జరుపుకున్నాడు.

ముసలాయన తూటాలన్నీ మూటగట్టుకున్నాడు. ఏది కొడుకుదో తెలియదు గనక, పెళ్లిలో ఒక్కటీ కాల్చనివ్వనని చెప్పి వెళ్లిపోయాడు.

పొద్దు వాలేలోగా దుబాయి జీపులో ఇస్తారికి వహాబే చోటు చూశాడు. అక్కడి నుంచి బొంబాయి ఓడ. సైట్ నుంచి పరుగున వచ్చిన లచ్చన్న అతని కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పట్టుకున్నట్టు ఇస్తారికి కనబడింది, తెలియలేదు.

"పైలం తమ్మీ. ఉత్తరం రాయి."

"ఏ ఊర్లకెల్లి రాయాలె అన్నా? గా ఊరికైతె నేను పోను."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

కొట్టు వెనక ఆ డబ్బాను ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. మూత తీసింది తీసినట్టే ఉంది. అడుగున గింజల పొడి, ఎర్రటి పెంకు పొడి, వాటి మధ్య సన్నగా మెరుస్తూ ఇత్తడి రజను.