లూఫ్ ఆకు కోసిన చోటు

"ఆ ఆకు ఎక్కడ కోసిందో ఎవరైనా అడిగారా? తిన్నాక పిల్లకి గొంతు వాచిపోతే, పట్నం ఆసుపత్రికి చేరేలోపు ఏమవుతుందో!"

మా ఆయన టీ గ్లాసు దించకుండానే నవ్వారు. "కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. నువ్వు అప్పుడే ఆసుపత్రి దాకా వెళ్లిపోయావు. ఎలాగూ వెళ్లావు కదా, మంచి మంచం కూడా చూసి ఉంచు."

ఆయనకి అన్నీ హాస్యమే. మా అమ్మాయి హైఫాకి నిండు నెలలు. దాని అత్తగారు ఉమ్ గాలిబ్ పొద్దున్నే ఓక్ చెట్ల అడవిలోకి వెళ్లి గోనెసంచి నిండా లూఫ్ ఆకు తెచ్చిందని పక్కింటామె చెప్పినప్పటి నుంచీ నా గుండె కుదురుగా లేదు.

లూఫ్‌లో రెండు రకాలున్నాయి. తినేదాని పువ్వు లోపల ద్రాక్షరసమంత నలుపు, వాసన పులిసిన ఆపిల్‌లా ఉంటుంది. రెండోదాన్ని మేం పాము లూఫ్ అంటాం. దాని పువ్వు నిండా మచ్చలు, వాసన పేడ. పువ్వుంటే గుడ్డివాడైనా చెప్పగలడు, ముక్కుంటే చాలు. కానీ పువ్వు పూసేది వసంతంలో, మేం ఆకు తినేది చలికాలంలో. ఆకులు చూస్తే రెండూ కవలలే. మంచిదైతే సుమాక్ కాయల పులుపు పోసి బాగా ఉడికిస్తే నాలిక మీద మంట పోతుంది. రెండోదానికి ఎంత పులుపు పోసినా విషం పోదంటారు మావాళ్లు. అందుకే కిందటి వసంతంలో పువ్వు చూసి పెట్టుకున్న చోటే కోస్తాం. ఆ చోటు ఎవరికీ చెప్పం. కన్నకూతురికి కూడా చెప్పం.

కిందటి వసంతమంతా ఉమ్ గాలిబ్ మోకాళ్ల నొప్పితో మంచం దిగలేదు. మరి పువ్వెప్పుడు చూసింది?

నేను వాళ్లింటికి వెళ్లేసరికి కూర దించేసింది. హైఫా ముందు పళ్లెం, పక్కన రొట్టె.

"రా వదినా, వేళకే వచ్చావ్," అంది ఉమ్ గాలిబ్. "వాసన మీ ఇంటిదాకా వచ్చిందా ఏంటి?"

"ఆకు బాగా లేతగా ఉందే వదినా. ఎక్కడ దొరికింది?"

ఆమె గరిటె ఆపి నాకేసి చూసింది. "ఎక్కడేంటి? అడవిలో."

"అడవి పెద్దది."

"అమ్మా, మొదలుపెట్టావా!" అంది హైఫా.

"నువ్వుండవే. వదినా, ఏమనుకోకు. పోయినేడు నువ్వు గడప దాటలేదు. పువ్వు చూడకుండా ఎలా కోశావ్?"

ఉమ్ గాలిబ్ మొహం ఎర్రబడింది. రొట్టె తుంచి, కూరలో ముంచి, నా కళ్లలోకి చూస్తూ నమిలి మింగింది. "చచ్చానా?"

వండినవాళ్లే ముందు తినడం మా ఆచారం. అయినా నాకు నమ్మకం కుదరలేదు. యాభై ఏళ్లుగా మిరపకాయలు నమిలిన నాలిక అది. పైగా ఆమె కడుపులో బిడ్డ లేదు కదా.

"చోటు చెప్పు చాలు. ఎవరికీ చెప్పను."

"మా అమ్మ తన చోటు నాకే చెప్పలేదు. నీకు చెప్పాలా?"

నేను పళ్లెం నావైపు లాక్కున్నాను. హైఫా తనవైపు లాగింది. పులుసు బల్ల మీద ఒలికింది.

"మీ ఇద్దరి గొడవ తేలేలోపు నేను కనేస్తాను," అంది హైఫా. రొట్టె నిండా కూర తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది. "చెప్తారా అత్తమ్మా, తినేయనా?"

నేను దాని మణికట్టు పట్టుకున్నాను. వదల్లేదు. ఉమ్ గాలిబ్ గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. చెప్పడానికి చోటే లేదని నాకు రూఢి అయిపోయింది. బయట ఎవరిదో గాడిద అరిచి ఊరుకుంది.

చివరికి ఆమె తలెత్తకుండానే అంది.

"పాత సున్నపుబట్టీ వెనక, చీలిన బండ కింద. నీ చోటే వదినా. మంచం మీంచి మా కిటికీలో ఆ కొండ వాలంతా కనిపిస్తుంది. పోయిన వసంతంలో నువ్వు రోజూ వెళ్లి, ఒక్కో పువ్వులో ముక్కు పెట్టి చూసి, అనుమానంతో మళ్లీ వెనక్కొచ్చి చూశావ్. నువ్వు అన్నిసార్లు వాసన చూసిన చోట నేను మళ్లీ చూడాలా?"