మూత బిగించకండి

నేను ఒక మూతను. గిన్నె మీద మూతను కాను, పాత పెట్రోలు కారు ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ మీద ఉండే మూతను. మెకానిక్కులు క్యాపు అంటారు. నల్లగా, అరచేతిలో పట్టేంత ఉంటాను. నెత్తిన ఐదు బొడిపెలు, ఒక్కోదానికి ఒక్కో కన్నం. నడిమి కన్నంలోంచి కరెంటు లోపలికొస్తుంది, చుట్టూ ఉన్న నాలుగింటి గుండా నాలుగు ప్లగ్గులకూ నిప్పురవ్వగా వెళుతుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదీ నా వడ్డన వరస. నిమిషానికి వేలసార్లు వడ్డించినా ఒక్కసారి వరస తప్పలేదు. మీ పెళ్ళి పంక్తుల్లో రెండో ఆకుకు ఆఖర్న వడ్డించి చూడండి, ఏమవుతుందో.

నా మీద లోకంలో ఒక నింద ఉంది, తడికి ఆగనని. నేను ఒప్పుకోను. ఆ మాట చెప్పడానికే నోరు విప్పాను.

నల్లటి పొడిని అచ్చులో పోసి, నిప్పులాంటి వేడిలో నొక్కితే పుట్టాను. నా మొదటి యజమాని కొబ్బరికాయల షావుకారు. కారు వాకిట్లో నలుగురికీ కనబడటమే ఆయనకు కావలసింది. వారానికోసారి పైన మెరుగు పెట్టించేవాడు, బానెట్టు మాత్రం తెరిచేవాడు కాదు. రెండో ఆయన హోమియో డాక్టరు. బండి మొరాయిస్తే బానెట్టు మీద చెయ్యి వేసి, ఎప్పటినుంచి ఇలా ఉంది అని అడిగేవాడు. మూడో యజమాని ముమ్మిడివరంలో టాక్సీ నడిపే పేర్రాజు.

పేర్రాజు మంచివాడు. నా కష్టాలన్నీ ఆ మంచితనంలోంచే వచ్చాయి.

కోనసీమ వానలు మీకు తెలుసు కదా. పైనుంచి పడేది ఒకటి, కాలవల మీంచి, తోటల్లోంచి పాకి వచ్చే చెమ్మ ఇంకొకటి. వానలో తిరిగి ఇంటికి రాగానే పేర్రాజు బండి దిగీ దిగకముందే టార్పాలిన్ పట్ట తెచ్చి బానెట్టు మీద కప్పేవాడు. చుట్టూ తాడు బిగించేవాడు. పసిబిడ్డకు దుప్పటి కప్పినంత ఆపేక్షగా పట్టను రెండుసార్లు తట్టి లోపలికి పోయేవాడు. తెల్లారి తాళం తిప్పితే గుర్రు గుర్రుమనడమే తప్ప ఇంజను అందుకునేది కాదు. వీధిలో వాళ్ళంతా చేరి తోసేవారు.

మెకానిక్ ఇశ్రాయేలు వచ్చేసరికి పొద్దెక్కేది. అప్పటికి నేను ఆరిపోయి ఉండేదాన్ని. అతను నన్ను ఊడదీసి, లోపలా బయటా చూసి, ఏమీ దొరకక ముందు ప్లగ్గులు మార్చాడు. తర్వాత వైర్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. మార్చడానికి ఇంకేమీ మిగలని రోజున నా ఒంటి మీద మట్టిగీత ఒకటి చూసి, "క్యాపు పగిలిపోయింది బావా, ఇలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు," అన్నాడు. పగులు కాదు మొర్రో అని ఎలా అరవను?

అదే ఏడు షుగరు వల్ల పేర్రాజు చూపు మందగించింది. బండి నడపొద్దన్నారు. నడిపేవాడు లేడు, వానొస్తే నడిచే బండీ కాదు. పాత ఇనుము కొనే కాటా అతన్ని శుక్రవారం రమ్మన్నాడు పేర్రాజు. ఆ మాట విని అతని భార్య తాయారు చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టింది.

"లైసెన్సు నేను తీసుకుంటాను. బండి నేను నడుపుతాను," అంది.

"నువ్వా?" అని నవ్వాడు పేర్రాజు.

"మూడు నెలల్నించి తెల్లారగట్ల కాలవగట్టు మీద నడిపించింది నువ్వే కదా మావా. సరదాకనుకున్నావా?"

"సరదాకే అనుకున్నానే."

"గురువారం టెస్టు. పాసయ్యానా, బండి నాది. లేదా, శుక్రవారం నీ ఇష్టం."

గురువారం పొద్దుటినుంచి వాన. అయినా నేను సరిగ్గానే వడ్డించాను. తాయారు దారంతా పెదవి బిగించి నడిపింది, పేర్రాజు పక్కన కూర్చున్నాడు. టెస్టు మైదానంలో ఆమె వంతు రావడానికి గంట పట్టింది. ఆమె కాగితాల వరసలో నిలబడి ఉండగా పేర్రాజు ఏం చేశాడో మీరు ఊహించగలరు. డిక్కీలోంచి పట్ట తీసి, కాగి ఉన్న ఇంజను మీద కప్పి, తాడు బిగించి, రెండుసార్లు తట్టాడు.

పేరు పిలిచారు. ఇనస్పెక్టరు గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. పట్ట తీసి, తాయారు తాళం తిప్పింది. గుర్రు గుర్రు. మళ్ళీ తిప్పింది. గుర్రు.

షెడ్డు కింద నిలబడ్డ కుర్రాళ్ళు మొదలుపెట్టారు. "పిన్నిగారో, గేరు మార్చేది తెడ్డుతో కాదండోయ్!"

"బండికి కాఫీ పొయ్యండి, లేస్తది!"

"ఇంకో రోజు రండమ్మా," అన్నాడు ఇనస్పెక్టరు.

"ఇంకో రోజుండదండి. రేపు కాటా ఆయనొచ్చి దీన్ని తూకానికి పట్టుకుపోతాడండి."

ఆమె దిగి బానెట్టు ఎత్తింది. ఎత్తి అలాగే ఉండిపోయింది. బానెట్టు లోపలివైపంతా నీటిబొట్లు వేలాడుతున్నాయి. కన్నాలు లేవు, కారిన జాడ లేదు. ఆ బొట్లు ఆమెకు తెలుసు, రోజూ చూసేవే. వేలితో ఒకటి తుడిచింది. ఆ వెంటనే, ఇశ్రాయేలు చేస్తుండగా పదిసార్లు చూసింది కనక, నా రెండు క్లిప్పులు లాగి నన్ను ఎత్తి వెల్లకిలా తిప్పింది.

నా కడుపులో చెమట.

"మావా, ఇలా రా. కుతకుతలాడే అన్నం మీద మూత బిగించేస్తే ఏమవుద్ది?"

"చెమట పట్టుద్ది."

"మరి నువ్విన్నాళ్ళూ చేసిందేంటి?"

పేర్రాజు పట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తడుస్తాదని కప్పేనే..." అన్నాడు మెల్లగా. ఆమె ఇంకేమీ అనలేదు. అనడానికి చాలా ఉన్నా అనకుండా ఉండటం కూడా ఒక దయే. అంతవరకు ఏ మనిషిలోనూ దాన్ని అంత దగ్గరగా చూడలేదు.

తుడవడానికి గుడ్డ కావాలి. ఆమె కొంగు తడిసిపోయింది, అతని తువ్వాలు పిండితే నీళ్ళు. పేర్రాజు జేబులోంచి కొత్త కళ్ళద్దాల పెట్టె తీశాడు. అందులో అద్దాలు తుడుచుకోమని ఇచ్చిన మెత్తటి గుడ్డ ముక్క, పొడిగా ఉంది. తాయారు దానితో నా లోపల మూలమూలా తుడుస్తుంటే, నా మీద వాన పడటం ఆగింది. వాన నిజంగా ఆగలేదు. ఇనస్పెక్టరు తన గొడుగు ఇంజను మీదికి జరిపాడు. ఆయన భుజాలు తడుస్తున్నాయి. ముఖం మాత్రం చిరాగ్గానే పెట్టుకున్నాడు.

నన్ను బిగించి తాళం తిప్పింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు! నా బతుకులో అంత కసిగా ఎప్పుడూ వడ్డించలేదు. ఆమె ఆ బురదలో ఎనిమిది అంకె తిప్పి, బయల్దేరిన చోటికే తెచ్చి ఆపింది. షెడ్డు కింద కుర్రాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. ఇనస్పెక్టరు తడి కాగితం మీద సంతకం పెట్టి, "ఆ పట్ట మాత్రం ఇక్కడే పారేసి పొండి," అన్నాడు.

కాటా అతను వట్టిచేతులతో వెనక్కి పోయాడు.

తర్వాత తొమ్మిది వానాకాలాలు ఆమెతో తిరిగాను. ఇంటికి రాగానే బానెట్టు కొద్దిగా ఎత్తి, సందులో కొబ్బరిమట్ట ముక్క ఒకటి దూర్చేది. వేడి చల్లారాకే దించేది. ఒక్క తెల్లవారుజామున కూడా నేను మొరాయించలేదు. చివరికి నిజంగానే పగిలాను. ఎప్పుడనుకున్నారు? మే నెలలో, రోళ్ళు పగిలే ఎండలో. నీళ్ళు నన్ను ఓడించాయని ఇక ఎవరూ అనలేరు.

దొరకనే దొరకదన్న క్యాపును ఇశ్రాయేలు ఎక్కడినుంచో వెతికి తెచ్చాడు. నన్ను తాయారు పారెయ్యలేదు. వంటింటి కిటికీలో పెట్టింది. నా ఐదు కన్నాల్లో ఇప్పుడు అగరువత్తులు గుచ్చుతారు. ఇప్పటికీ నిప్పు నా నెత్తినే ఉంది.

ఇవాళ పొద్దున్నే వాన. బయట ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తాయారు అద్దం దించి, "మావా, అన్నం!" అని కేకేసి వెళ్ళిపోయింది. ఇంట్లో వంట ఇప్పుడు పేర్రాజుదే. కళ్ళకు సరిగ్గా ఆనక, గిన్నె అంచు చేత్తో తడిమి చూసుకుని, అన్నం మీద మూత ఓరగా పెట్టాడు.