అడుగున మిగిలిన గ్యాసు

నేను ఒక వంటగ్యాస్ సిలిండరును. రంగు ఎరుపు. మెడ చుట్టూ ఉన్న ఇనుప పట్టీ మీద నా ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. దాని పక్కనే నన్ను మళ్ళీ ఎప్పుడు పరీక్షకు పంపాలో రాసి ఉంటుంది. ఆ రెండో సంగతి చూసుకుని నన్ను ఇంట్లోకి రానిచ్చినవాళ్ళు నాకు ఇంతవరకు తారసపడలేదు. నిండుగా ఉందా లేదా అని మాత్రం అందరూ అడుగుతారు.

నన్ను ఉక్కు రేకుతో చేశారు. గిన్నెల్లా వంచిన రెండు ముక్కల్ని నడుము దగ్గర కలిపి వెల్డింగు పెట్టారు. కొలిమిలో కాల్చారు. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి, ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాక రంగు వేశారు. ఆ తర్వాత ప్లాంటులో నింపి, సీలు వేసి, లారీ ఎక్కించారు.

నాలో ఏముంటుందో ఇక్కడే చెప్పాలి. గ్యాసును బాగా ఒత్తితే నీరులాంటి ద్రవం అవుతుంది. అది నా అడుగున ఉంటుంది. దాని పైన ఖాళీలో గ్యాసు ఉంటుంది. నిలబెట్టి వాడితే పైనున్న గ్యాసు మాత్రమే బయటికి పోతుంది. అడుగున ఉన్నది మెల్లగా గ్యాసుగా మారి ఆ ఖాళీని నింపుతుంది. అందుకే నన్ను నిలబెట్టే వాడాలి. ఈ మాట కనెక్షనుతో పాటు ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం వచ్చిన రోజే బీరువాలోకి వెళ్తుంది.

నాకు సొంత ఇల్లు లేదు. విజయవాడలో ఎన్నో ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ‘మా సిలిండర్’ అన్నారు, ఖాళీ కాగానే ‘తీసుకుపోవయ్యా’ అన్నారు. ఒక అపార్టుమెంటులో బాల్కనీలో స్పేరుగా నిలబడ్డాను. వాళ్ళు వండుకున్నదానికంటే తెప్పించుకున్నదే ఎక్కువ. కొన్నాళ్ళకు నా మీద తులసి కుండీ పెట్టారు. పటమటలో ఒక టిఫిన్ బండి కింద గోనెసంచి కప్పుకుని ఉన్నాను. ఇంటి సిలిండరును వ్యాపారానికి వాడకూడదు. తనిఖీకి వచ్చినాయన నా మీద కాలు పెట్టుకుని రెండు దోసెలు తిన్నాడు. కింద ఏముందని అడగలేదు.

ధరలు పెరిగిన సంగతి నాకు పేపరు చదివితే తెలియదు. చేతుల్ని బట్టి తెలుస్తుంది. ఒకప్పుడు నన్ను తెచ్చినరోజు, పంపించేరోజు తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ తర్వాత వారానికోసారి ఎత్తి ఊపి చూడటం మొదలుపెట్టారు. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, తడి ఎక్కడిదాకా ఆరకుండా ఉందో చూసి, గ్యాసు అక్కడిదాకా ఉందని లెక్క వేసుకున్నారు.

సామ్రాజ్యం ఇంటికి నేను వానాకాలంలో చేరాను. ఆ ఇల్లు కొండ మీద ఉంది. అక్కడికి బండి వెళ్ళదు, మెట్లెక్కాలి. వీరబాబు అనే డెలివరీ మనిషి నన్ను భుజాన వేసుకుని ఎక్కి, గుమ్మంలో దించి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

“అమ్మా, దీన్ని కాస్త నిదానంగా అవగొట్టండి. నా మోకాళ్ళు పోతన్నాయి.”

“నీ మోకాళ్ళ కోసం మేం పస్తుండాలా ఏందయ్యా?” అంది సామ్రాజ్యం.

“ఉంటన్నారుగా అందరూ. ఇదివరకు నెలకోసారి ఎక్కేవాణ్ణి ఈ మెట్లు. ఇప్పుడు నా మొహమే మర్చిపోయారు.”

ఒకటే గది. గుమ్మం పక్కన రాతి బల్ల మీద పొయ్యి, బల్ల కింద నేను. గది వెనక భాగంలో మంచం. సామ్రాజ్యానికి అరవై దాటాయి. కొడుకు శ్రీహరి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. కోడలు మల్లీశ్వరి వన్‌టౌన్‌లో చీరల కొట్టులో పనిచేస్తుంది. వాళ్ళ కూతురు లిఖిత ఒకటో తరగతి. కానీ ఆ పిల్ల బడికి వెళ్ళడం లేదు. పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. కుళాయి నీళ్ళ వల్లే వచ్చిందని, మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు తప్ప చుక్క తాగించవద్దని, ఇంకోసారి తిరగబెడితే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు.

వాళ్ళు ఒక్కొక్కటే మానుకోవడం నేను బల్ల కింద నుంచి చూశాను.

ముందు పోయింది సామ్రాజ్యం మధ్యాహ్నపు టీ. ఎవరూ మానమనలేదు. టీ తాగితే కడుపులో మంటగా ఉంటోందని ఆమే అంది. ఆ మంట గ్యాసు ధర పెరిగిన వారమే మొదలైంది. తర్వాత శ్రీహరి వేడినీళ్ళ స్నానం పోయింది. రోజంతా చెక్కలు ఎత్తి వచ్చే మనిషి, నడుము నొప్పి. చన్నీళ్ళు పోసుకుంటూ గట్టిగా పాడేవాడు. కందిపప్పు కొట్టులోనూ ఖరీదే, పొయ్యి మీదా ఖరీదే, ఉడకడానికి అంతసేపు పడుతుంది. అది ఆదివారాలకు పరిమితమైంది. పొద్దున వండిందే రాత్రికీ తిన్నారు. మల్లీశ్వరి డబ్బాలో పచ్చడి మెతుకులు పట్టుకెళ్ళి, కొట్టులో తోటివాళ్ళు అడిగితే ఉపవాసం, కూర తినకూడదు అని చెప్పేది.

“ఏ దేవుడికని అడిగారు అత్తయ్యా. ఒక్కోరోజు ఒక్కో దేవుడి పేరు చెప్తన్నా. రేపటికి ఎవరూ మిగల్లా” అని ఇంటికొచ్చి తనే నవ్వింది.

లిఖిత నీళ్ళు మాత్రం మానలేదు. రోజూ పెద్ద గిన్నెడు బాగా మరిగించి, చల్లార్చి, సీసాలో పోసేవారు.

వేరే దారులు వెతకలేదని కాదు. కరెంటు పొయ్యి ఒకటి ఉంది. బిల్లు చూశాక శ్రీహరే దాన్ని అటక ఎక్కించాడు. నీళ్ళ క్యాను తెప్పించుకుందామంటే, మెట్ల మీద మోసినందుకు అడిగేది క్యాను ధరను మించింది. షెడ్డులో మిగిలే చెక్కముక్కలు ఇదివరకు ఊరికే తెచ్చుకునేవాడు. ఇప్పుడు వాటిని యజమాని హోటళ్ళకు అమ్ముతున్నాడు. గ్యాసు కనెక్షను ఇంటి ఓనరు పేరు మీద ఉంది. రాయితీ ఏదైనా వస్తే ఆయన ఖాతాలోకి వస్తుంది. కొత్త సిలిండరు రావాలంటే శనివారం శ్రీహరికి కూలి ముట్టాలి.

శనివారం ఇంకా దూరంగా ఉండగానే మంట కుంగింది. శ్రీహరి తడిగుడ్డతో నన్ను తుడిచి, కింద కూర్చుని చూశాడు.

“ఇంకా ఇంతుందే” అన్నాడు, అడుగు నుంచి బెత్తెడు చూపించి.

“ఉంటే మంటేదిరా మరి?” అంది సామ్రాజ్యం.

“పక్కకి పడుకోబెడితే వస్తదమ్మా. మా షెడ్డులో అందరూ అట్టాగే చేస్తన్నారంట.”

“వద్దండీ” అంది మల్లీశ్వరి. “మా కొట్టు పక్క హోటల్లో అట్టాగే చేశారు. వంటాయనకి కనుబొమ్మలు ఇంకా మొలవలా.”

“శనివారం దాకానేగా!”

మనుషులు ప్రమాదాన్ని అది ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కొలవరు. ఎన్నాళ్ళు అన్నదాన్ని బట్టి కొలుస్తారు. శనివారం దాకా అనేసరికి మల్లీశ్వరి కూడా ఊరుకుంది. శ్రీహరి నన్ను బల్ల కింద అడ్డంగా పడుకోబెట్టాడు. అడుగున ఉన్న ద్రవం నా పొడుగునా పరుచుకుంది. అలా పరుచుకుంటే కాస్త తొందరగా గ్యాసు అవుతుంది. మంట లేచింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. పని జరిగింది గనక అది సరైన పనే అనుకున్నారు.

మంగళవారానికి మంట మళ్ళీ కుంగింది.

బుధవారం కొడుకూ కోడలూ పనికి వెళ్ళాక ఇంట్లో సామ్రాజ్యం, లిఖిత మిగిలారు. సీసా ఖాళీ. సామ్రాజ్యం గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. బర్నరు చుట్టూ మంట పూసల్లా ఉంది. చాలాసేపటికి నీళ్ళు వేడెక్కాయి, అంతే.

“నాయనమ్మా, దాహం” అంది పిల్ల మంచం మీద నుంచి.

“మరగనీ తల్లీ.”

“పొగ వస్తందిగా.”

“పొగ కాదే, డాక్టరుగారు ఏం చెప్పాడు?”

“బుడగలు రావాలన్నాడు.”

సామ్రాజ్యం గిన్నెలోకి వంగి చూసింది. బుడగలు లేవు. గ్లాసు తీసుకుంది. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. బయటికి వెళ్ళి, ఇంటి వెనక నుంచి ఒక ఇటుక తెచ్చింది. బల్ల కిందకు వంగి, నా అడుగు భాగం ఎత్తి, దాని కింద ఇటుక దోపింది.

ఇప్పుడు నా తల కిందకు ఉంది. మిగిలిన ద్రవమంతా మెడ వైపు జారింది. అంతవరకు ఎప్పుడూ గ్యాసు తప్ప ఇంకేమీ నా మెడ దాటి పోలేదు. ఏం జరగబోతోందో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. నాకున్నది ఒకటే నోరు, దానికి రెగ్యులేటరు బిగించి ఉంది.

కొన్ని క్షణాలు ఏమీ కాలేదు. మంట కొంచెం పెరిగింది. “ఆ, వచ్చింది” అని సామ్రాజ్యం నడుము నిటారు చేసింది. ద్రవం రెగ్యులేటరు దాటి గొట్టంలోకి వెళ్ళింది. అక్కడి నుంచి బర్నరుకు. బయటికి రాగానే ప్రతి చుక్కా వందలరెట్లు ఉబ్బి గ్యాసు అయింది. పొయ్యి తుమ్మినట్టు చప్పుడు చేసింది. మంట గిన్నెను దాటి లేచి, పైన గూటిలో పరిచిన పేపరుకు అంటుకుంది.

గుమ్మం పొయ్యి పక్కనే ఉంది. పిల్ల మంచం పొయ్యికి అవతల ఉంది. బయటికి పోవాలంటే మంట పక్క నుంచే పోవాలి.

లిఖిత ఏడుస్తూ మంచం దిగబోయింది.

“దిగమాక! గోడకి ఆనుకో! అక్కడే ఉండు!” అని అరిచింది సామ్రాజ్యం.

పొయ్యి మర వైపు చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కుంది. మోకాళ్ళ మీద కూలబడి బల్ల కింద రెగ్యులేటరు కోసం తడిమింది. నేను పడుకుని ఉన్నాను గనక దాని మర గోడ వైపు తిరిగి ఉంది. వేళ్ళు తగిలాయి, తిప్పడానికి చోటు లేదు. పైనుంచి కాలిన కాగితం ముక్కలు ఆమె వీపు మీద పడుతున్నాయి. ఆమె చెయ్యి బయటికి తీసి, నా పిడి పట్టుకుని తన వైపు లాగింది. ఖాళీ అయినా నేను తేలిక కాను. గొట్టంతో పాటు పొయ్యి కదిలింది, గిన్నె బోర్లాపడి నీళ్ళు ఆమె కాళ్ళ మీద ఒలికాయి. ఆమె ఆగలేదు. ఇటుకను కాలితో తన్ని, నన్ను పైకెత్తి నిలబెట్టింది.

ద్రవం అడుగుకు జారింది. మంట కూలినట్టు కిందికి దిగింది. సామ్రాజ్యం మర తిప్పేసింది.

గూటిలో పేపరు ఇంకా మండుతోంది. అరుపు విని పక్కింటి వజ్రమ్మ తడి గోనెసంచితో వచ్చి దాన్ని చరిచి ఆర్పింది. పిల్లను ఎత్తుకుని గుమ్మం బయట పెట్టి, లోపలికొచ్చి చూసింది. నేనూ నా పక్కన ఇటుకా కనిపించాం.

“బుద్ధుందా వదినా నీకు? సిలిండరు కింద ఇటుక పెడతావా? అది బాంబు గదటే! పసిపిల్లని ఇంట్లో పెట్టుకుని! మీ కోడలుంటే చెయ్యనిచ్చేదా?”

సామ్రాజ్యం నేల మీద కూర్చుని పాదాల వంక చూసుకుంటోంది. ఎర్రబడ్డాయి, బొబ్బలెక్కలేదు. “పిల్లకి నీళ్ళు కాద్దామని” అంది.

“నీళ్ళ కోసం ఇల్లు తగలబెట్టుకుంటారా? అటూ ఇటూ ఇళ్ళున్నాయే, మేమందరం ఏం కావాలి? తెలివున్నోళ్ళు చేసే పనేనా ఇది?”

వజ్రమ్మ ఇంకా అనేదే. గుమ్మం బయట నుంచి లిఖిత గొంతు వినిపించింది.

“నాయనమ్మా, దాహం.”

ఇద్దరూ నేల మీద పారుతున్న నీళ్ళను చూశారు. వజ్రమ్మ గోనెసంచి కింద పడేసింది.

“లే వదినా. గిన్నె పట్టుకురా. మా పొయ్యి మీద కాద్దువుగాని.”

సామ్రాజ్యం గిన్నె కడిగి, నీళ్ళు నింపుకుని, పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళింది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. అవతల ఏం జరిగినా నాకు వినిపిస్తుంది.

“ఒక్క నిమిషం బయటుండు వదినా. లోపలంతా చిందరవందరగా ఉంది” అంది వజ్రమ్మ. తలుపు మూసుకుంది.

ముందు ఇటుక గచ్చు మీద ఈడ్చిన చప్పుడు వచ్చింది. తర్వాత సిలిండరు అడుగున ఉండే ఇనుప వలయం నేలకు తాకిన చప్పుడు. మావాళ్ళలో ఒకరిని పడుకున్నచోటి నుంచి లేపి నిలబెట్టినప్పుడు వచ్చే చప్పుడది.

గుమ్మం బయట సామ్రాజ్యం కూడా విన్నది.

తలుపు తెరుచుకుంది. “రా” అంది వజ్రమ్మ. సామ్రాజ్యం లోపలికి వెళ్ళింది. లైటరు చాలాసార్లు నొక్కాక పొయ్యి అంటుకుంది. సామ్రాజ్యం గిన్నె పెట్టింది.

“మంట సన్నంగా ఉంది” అంది వజ్రమ్మ.

“ఉండనీ. మూత పెడదాం.”

“మీ కోడలితో అనమాక.”

“ఏమని? మీ ఇంట్లో నీళ్ళు కాచుకున్నానని చెప్తా.”

లిఖిత ఎక్కడో గోడ పక్కన కూర్చున్నట్టుంది. బుడగలొచ్చాయా అని ఒకసారి అడిగింది. ఇంకా రాలేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. అవి వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.