ఆది జాకెట్టు

సత్యవేణి కుట్టుకొట్టులో మోకాలి లోతు నీళ్లున్నాయి, అయినా గుడ్డలేవీ తడవడం లేదు. మిషను మీద, స్టూలు మీద, కిటికీలో, ఆఖరికి దేవుడి పటం వెనక కూడా జాకెట్టు ముక్కల సంచులే. ఒకటి తీస్తే దాని కింద రెండు. గోడలు మెల్లగా వెనక్కి జరిగిపోతున్నాయి, వీధి కాస్తా కాలవ రేవులా మారుతోంది, ఆ రేవు మెట్ల మీద ఊళ్లో ఆడవాళ్లందరూ వరసగా నిలబడి "అయ్యిందా?" అని అడుగుతున్నారు, సత్యవేణి అందరికీ కలిపి ఒక్కటే మాట చెబుతోంది, "రేపు." పాతికేళ్లుగా చెబుతున్న మాటే. అయితే అదివరకు కనీసం ఎల్లుండైనా ఇచ్చేది. ఈ రెండు నెలల్లో మిషను మూతే తియ్యలేదు, సగంమంది తమ గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు, ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ మిషనే తిరగాలని ఆమెకి తెలుసు, తెలిసీ కాలు కదలడం లేదు.

వరసలోంచి ఎదురింటి భ్రమరాంబ పిన్నిగారు వస్తున్నారు, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని. ఆవిడ పోయి రెండు నెలలైందని సత్యవేణికి గుర్తుంది. ఆశ్చర్యం వెయ్యడం లేదు, భయం మాత్రం వేస్తోంది.

"మీదే పట్టుకున్నానండీ, ఇదిగో, ఇప్పుడే కత్తిరించేస్తాను," అంటూ వంగపండు రంగు గుడ్డ కోసం సంచులన్నీ నీళ్లలోకి విసిరేస్తోంది. చెయ్యి పట్టేసి పైకి లేవడం లేదని, చంక దగ్గర వదులు పెట్టి ఒక్క జాకెట్టు కుట్టి పెట్టమని పిన్నిగారు ఇచ్చిన గుడ్డ అది. నిండా రెండు గంటల పని లేదు. నలభై రోజులు సాగదీసింది, ఈలోగా ఆవిడ నిద్రలోనే పోయారు. ఇప్పుడు గుడ్డ దొరికింది గాని, కత్తెర వేసిన చోటల్లా అది మళ్లీ అతుక్కుపోతోంది.

"అది వదిలెయ్యవే. దానికోసం రాలేదు," అంటున్నారు పిన్నిగారు. "నా ఆది జాకెట్టు ఇచ్చెయ్."

"ఆదిదా?"

"కొలతకని ఇచ్చేను కదే. నాకు చెయ్యి దూరేది అదొక్కటే. రెండ్రోజుల్లో ఇచ్చేస్తావు కదా అని అదే ఇచ్చేసేను."

సత్యవేణి చేతిలో కత్తెర నీళ్లలోకి జారిపోతోంది. ఆలస్యం చేశానని ఏడ్చింది గాని, ఆ నలభై రోజులూ ఆవిడ ఏం తొడుక్కున్నారో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆఖరి స్నానం చేయించినప్పుడు ఆవిడ చంక కింద బిగుతు జాకెట్టు కుట్టు ఒరుసుకుని ఎర్రగా తేలిన గీత చూసింది. చూసి, ఆ గీత మీదే చెంబుతో నీళ్లు పోసింది.

"అడగొచ్చు కదండీ! తిట్టొచ్చు కదండీ! ఎదురిల్లే కదా!"

"అడిగేను. రేపన్నావు."

"ఇప్పుడు కుట్టేస్తాను, పట్టుకెళ్తారా?"

"ఎలా పట్టుకెళ్తానే, పిచ్చిదానా."

"మరి నేనేం చెయ్యనండీ! మిషను ముందు కూర్చోలేకపోతున్నాను, నావల్ల కాదింక," అని సత్యవేణి నీళ్లలోనే కూలబడుతోంది. పిన్నిగారు ఆ నీళ్ల మీదే చాప మీద కూర్చున్నంత తేలిగ్గా కూర్చుని, తేలుతున్న సంచిలోంచి ఆ ఆది జాకెట్టే తీసి ఆమె ఒళ్లో పెడుతున్నారు.

"ఈ పై హుక్కు ఊడిపోతోంది చూడు. ఇది కుట్టు. మిగతాది తలుచుకోకు."

"ఇది కుడితే ఏమవుద్దండీ?"

"హుక్కు నిలబడుద్ది."

సూది గుడ్డలోంచి పైకి వస్తోంది, దారం వేళ్ల మధ్య నుంచి సరసరా జారుతోంది, ఒక్కొక్క చుట్టూ బిగుసుకుని పక్కదాని పక్కన బుద్ధిగా కూర్చుంటోంది. పని నేర్చుకునే రోజుల్లో హుక్కులు కుడుతూ కూర్చుంటే అన్నం వేళ కూడా గుర్తుండేది కాదు తనకి, ఆ సంగతే మరిచిపోయింది. ఇంత ఏడుపులోనూ వేళ్లకి హాయిగా ఉందేమిటని సిగ్గుపడుతూనే కుడుతోంది. దారం పంటితో తెంచబోతే హుక్కు చెంపకి గుచ్చుకుంది.

"అయిపోయింది, తీసుకోండి పిన్నిగారూ."

ఆవిడ అప్పుడే దిగువ మెట్టు మీద ఉన్నారు. కుడి భుజం కదిలించబోయి, మొహం చిట్లించి, ఊరుకున్నారు. "లేవట్లేదే చెయ్యి." సత్యవేణి జాకెట్టు చాపుతోంది, ఇంకా చాపుతోంది, నీళ్లు మధ్యలోకి వస్తూనే ఉన్నాయి.

"సత్యవేణిగారూ! నాది అయ్యిందాండీ?"

మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. పొద్దున పిన్నిగారి సంచీ విప్పి, అలా చూస్తూ చూస్తూ బల్ల మీదే తల వాల్చేసింది సత్యవేణి. చెంప కింద ఆది జాకెట్టు సగం తడిసింది. చెంప తడుముకుంటే హుక్కు ఒత్తుకున్న గుంట వేలికి తగిలింది. పై హుక్కు ఒక్క దారం మీద వేలాడుతూనే ఉంది, ఎవరూ కుట్టలేదు.

"రే..." అనబోయి ఆగింది. "కూర్చోండి. ఈ హుక్కొకటి కుట్టేసి మీది మొదలెడతాను."

సూదిలోకి దారం మూడోసారికి గాని ఎక్కలేదు.