ఐసున్నంతసేపు

నేను ఒక ఐసు దిమ్మను. నిజం చెప్పాలంటే ఇప్పుడు దిమ్మనూ కాను, నీళ్లనూ కాను. మీరు పీల్చే గాలిలో ఎక్కడో ఆవిరిగా తిరుగుతున్నాను. రోజు తిరక్కుండా మూడు స్థితులూ చూసినదాన్ని, నా మాట నమ్మవచ్చు.

నేను పుట్టింది భీమిలి అవతల ఒక ఐసు ఫ్యాక్టరీలో. బోరు నీళ్లుగా వచ్చాను. అప్పుడు నాకంటూ ఆకారం లేదు. బిందెలో పోస్తే బిందె, డబ్బాలో పోస్తే డబ్బా. పొడవాటి రేకు డబ్బాలో నన్ను నింపి, నాకన్నా చల్లని ఉప్పునీళ్ల తొట్టిలో దించారు. ఆ ఉప్పునీరు మొండిది, అంత చలిలోనూ గడ్డకట్టదు. నేను మాత్రం గడ్డకట్టి ఉబ్బాను. బరువు గ్రాము పెరగలేదు గానీ చోటు ఎక్కువ కావాలన్నాను. పదవి రాగానే పాత కుర్చీ చాలని మనుషులు నాకు బాగా అర్థమవుతారు.

అది సముద్రంలో చేపల వేట నిషేధం ఎత్తేసిన మర్నాడు. తెల్లవారేసరికి దిమ్మలన్నీ పడవలెక్కాయి, మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ సముద్రం చూస్తాననుకున్నాను. ఇంతలో సింహాద్రి అనే మనిషి ఆటో తెచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. వాళ్ల బావ ఎల్లాజీ పొద్దున్నే పడవను నీళ్లలోకి తోస్తూ, గుండె పట్టుకుని ఒడ్డునే కూలిపోయాడట.

ఎల్లాజీకి ఒక్కతే కూతురు, పోలేశ్వరి. పార్వతీపురం అవతల హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. కబురు వెళ్లింది, పిల్ల బస్సెక్కింది. ఇక్కడ ఎండ మండిపోతోంది.

“ఐసున్నంతసేపూ ఆగుదాం. ఐసైపోతే మరి ఉంచలేం, తీసీయాల,” అన్నాడు కులపెద్ద.

అంటే ఆ పిల్ల తండ్రి ముఖం చూడటం, చూడకపోవడం నా మీద పడింది.

నన్ను సుత్తితో ముక్కలు చేసి, అరుగు మీద ఎల్లాజీ చుట్టూ పేర్చి, ఊక కప్పారు. ఊక ఉంటే బయటి వేడి తొందరగా లోపలికి రాదు. పైగా నాకొక గుణం ఉంది. కరుగుతున్నంతసేపూ సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తాను. వచ్చిన వేడినంతా మింగి కరగడానికే ఖర్చుపెడతాను. చివరి ముక్క వరకూ ఎల్లాజీకి అదే చల్లదనం ఇవ్వగలను. సాయంత్రం ఐదింటిదాకా ఎలాగో లాగుతాననే ధీమాతో ఉన్నాను.

అప్పుడు ఎల్లాజీ భార్య కొర్లమ్మ లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. లోపలి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి భర్త వైపు తిప్పి పెట్టింది.

“మా మావకి గాలి నేకపోతే నిద్దరట్టదు. ఐసూ సల్లగా ఉంటాది,” అంది. ఊక ఆయన మొహం మీద ఎగిరిపడుతుంటే ఓర్చుకోలేక దాన్నీ పక్కకు ఊడ్చేసింది.

ఎవరూ వద్దనలేదు. ఫ్యాను పెడితే చల్లగా ఉంటుందని లోకమంతా నమ్ముతుంది. చెమట పట్టిన మనిషికి అది నిజమే. చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. నాకు చెమటెక్కడిది? నా చుట్టూ నిలిచిన కాస్త చల్లగాలినీ ఆ ఫ్యాను తరిమేసి, జూన్ నెల వేడిగాలిని తెచ్చి నా మీద పోసింది. ఆపు తల్లీ అని అరవాలనిపించింది. నోరు లేని పుట్టుక పుట్టినందుకు ఆ పూట ఏడ్చినంతగా ఎన్నడూ ఏడవలేదు.

మూడున్నరకల్లా అరచేతిలో పట్టేంత ముక్కనయ్యాను. పాడె సిద్ధమైంది. కులపెద్ద లేవగానే కొర్లమ్మ ఆ ముక్కను తీసి పిడికిట్లో దాచుకుంది.

“ఇంకా ఉంది బావూ! ఐసు అవనేదు. గుంట పోలేశ్వరి దార్లో ఉంది.”

ఎక్కడ లాక్కుంటారోనని గట్టిగా బిగించింది. మనిషి అరచెయ్యి ఎంత వేడిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నన్ను నిలబెడదామని పట్టుకున్న చేతిలోనే అయిపోయాను. చూపించబోయి ఆమె పిడికిలి విప్పితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. కులపెద్ద కళ్లు తుడుచుకుని, లెగండ్రా అన్నాడు.

పోలేశ్వరి వచ్చేసరికి నాలుగుంపావు. అప్పటికే ఒడ్డున చితి అంటుకుంది. భుజాన సంచితోనే ఆ పిల్ల అరుగు ముందు ఆగిపోయింది. అరుగు నిండా నీళ్లు, తడిసిన ఊక, ఇంకా తిరుగుతున్న ఫ్యాను. ఆమె చూపు ఫ్యాను మీద ఆగింది. ఘనం, ద్రవం, వాయువు అన్నీ చదువుకున్న పిల్ల. ఏం జరిగిందో ఒక్క చూపులో తెలిసిపోయింది. పదార్థం నశించదు, రూపం మారుతుందంతే అని ఆమె పుస్తకంలో రాసి ఉంటుంది. నా వరకు అది నిజమే.

కొర్లమ్మ వచ్చి కూతుర్ని పట్టుకుంది.

“నువ్వొచ్చీవరకూ ఆపాలని సూశానే అమ్మా. ఐసు బేగి కరిగిపోకండా ఫేను కూడా ఎట్టాను. మరేటి సెయ్యాలో నాకు తెల్లేదు. మంచి పనే కదే?”

పోలేశ్వరి నా మడుగులోనే కూలబడింది. తర్వాత తల్లి తలను ఒళ్లోకి లాక్కుంది.

“మంచి పనే సేసినావమ్మా,” అంది. “ఫేను ఎట్టబట్టే అంతసేపైనా ఆగింది.”