లేని కొంగు

“ఇంట్లో తిరిగేది చాలదా? మళ్లీ మిషన్ మీద నడిచేదేంది?” అన్నాడు మొగుడు హంపేశ్, రొట్టె తుంచుకుంటూ. సవిత వంగి జొన్నరొట్టె తడుతూనే ఉంది. నడుములోంచి మడమ దాకా నరం జివ్వున లాగింది. డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది: రోజూ నిటారుగా నడవకపోతే మంచం పట్టడమే. ఆ మాట విన్నాకే హంపేశ్ తోరణగల్లు టౌన్‌షిప్ జిమ్‌కు, అదీ ఆడవాళ్ల టైములో, పంపడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు. “ఈపొద్దు మా నాయన సిరిగేరి నుంచి వస్తాండాడు. ఆయన నోట ఒక్క మాటొచ్చిందా, జిమ్ము బంద్.”

నిటారుగా నడవడం ఎంత కష్టమో ట్రెడ్‌మిల్ ఎక్కాకే తెలిసింది సవితకు. పెళ్లయిన కొత్తలో అత్త ఓబమ్మ అంది కదా, “మామ ఎదురైతే కొంగు తలమీదికి రావల్ల, కండ్లు నేలమీదికి పోవల్ల” అని. అప్పట్నుంచీ నేలనే చూసింది. ఆ ఇంట్లో ఎవరి పాదాలు ఎవరివో చెప్పగలదు గానీ, మామ కండ్లు ఏ రంగంటే తెల్లమొహం వేస్తుంది.

“అక్కా, ఆ కడ్డీ పట్టుకొని ఏలాడొద్దు,” అంది ట్రైనర్ శరణమ్మ. “బరువంతా నడుము మీదే పడతాది. భుజాలు వదులు. నేరా చూడు, ఎదురుగా!”

సవిత చేతులు వదిలింది. భుజాలు దిగాయి, ఛాతీ విచ్చుకుంది. అమ్మయ్యో, ఊపిరి ఇంత లోపలికి పోతుందా! నడుము నొప్పి ఊరుకుంది. ఎన్నాళ్లకో! సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో ఎదురుగా గాజు తలుపు అవతల మామ గాదిలింగప్ప కనిపించాడు. సాయంత్రం బస్సుకు రావలసిన మనిషి పొద్దున్నే దిగాడు. తాళం చూసి, పక్కింట్లో అడిగి ఇటొచ్చినట్టున్నాడు.

సవిత చెయ్యి తనంతట తానే తలమీదికి పోయింది. చుడీదార్‌కు కొంగెక్కడిది? చెయ్యి వెతుకుతూనే ఉంది, తల వంగింది, అడుగు తప్పింది. మిషన్ పట్టా ఆమెను వెనక్కి ఈడ్చి మోకాళ్ల మీద పడేసింది. శరణమ్మ పరుగున వచ్చి మిషన్ ఆపింది.

తలుపు తెరుచుకుంది. “సాకు బిడమ్మా, ఇంగ చాలు,” అన్నాడు మామ. “మనకేల ఇవన్నీ? ఇంటికి పా. నేనింకా టీ కూడా తాగల్యా.”

మోకాలు మండింది. అంతకు రెట్టింపు కడుపు మండింది. తల వంచింది కాబట్టే పడింది, ఎత్తే ఉంచితే పడేదే కాదు. ఇప్పుడు ఈయన వెంట ఇంటికి పోతే ఈ గడప మళ్లీ తొక్కనివ్వరు. లేచింది, మిషనెక్కి మీట నొక్కింది. పట్టా కదిలింది. కడ్డీని ముట్టుకోలేదు. తలెత్తి మామ మొహంలోకి సూటిగా చూసింది.

ఆయన కండ్లు తేనె రంగువి. తడబడి ముందుగా దించుకున్నదీ ఆయనే.

“ఆ బెంచీ మీద కూచోండి మామా,” అంది సవిత. “నా నడక ఇంగా కాలేదు.”