పొడి దుక్కిలో బొబ్బర్లు

నా భర్త జెనేజియో పోయాక అతని చేత్తో నింపిన సీసా ఒక్కటే మిగిలింది. పాత సోడా సీసా. లోపల బూడిద కలిపిన ఎర్ర బొబ్బర్లు, మూత చుట్టూ మైనం. మా పరయీబా మెట్టల్లో ఇంటింటా విత్తనం ఇలాగే దాస్తారు. ఇది జెనేజియో తాతల నాటి గింజ. ఊళ్లో మరెవరి దగ్గరా లేదు.

మార్చిలో పునీత జోజప్ప పండుగనాటికి వాన పడకపోతే ఆ ఏడు కరువే అంటారు. పండుగ వచ్చింది. ఆకాశం తోమిపెట్టిన గిన్నెలా ఉంది.

గుడి నుంచి వస్తూనే మా అత్త జుల్మీరా పార భుజాన వేసుకుంది.

“అమ్మాయ్, ఆ సీసా తీసుకురా. పొడి దుక్కిలోనే వేసేద్దాం.”

“వాన జాడే లేదత్తా. చీమల పాలవుతాయి.”

“నిరుడు కరువని వేయలేదు. ఈ ఏడూ దాటితే ఇక మొలవవు. సీసాలోనే చస్తాయి.”

చావనీ అనబోయి ఆగాను. నేను పంతులమ్మను, బడిలో పిల్లలను ఆ మాట అననివ్వను.

“ఇది కూడా పోతే ఆయనది నాకంటూ ఏమీ ఉండదు,” అన్నాను.

అత్త పార దించి నేలకు ఆనించింది.

“వాడు నా కొడుకు కూడానమ్మా. మళ్లీ లేస్తాడనే కదా వాణ్ణి మన్నులో పెట్టాం? అంత పెద్దది నమ్మినదానివి, గింజ దగ్గర తగువేమిటి?”

నా జవాబు కోసం ఆగకుండా చేలోకి నడిచింది. సీసా పట్టుకుని నేనూ వెళ్లాను, ఇవ్వాలో వద్దో తేలకుండానే.

కంచె అవతల పక్క చేను తెర్తులియానో గాడిదను ఆపాడు.

“ఏం పిన్నీ, చీమలకు పండుగ భోజనమా?”

“నీలాంటి సోమరికే మూడు పూటలా పెడుతున్నాడురా దేవుడు. కష్టపడే చీమకు పెట్టడా?”

అతను నవ్వుతూ గాడిదను అదిలించాడు.

ఏటా జెనేజియో ముందు నడుస్తూ గుంటలు తీసేవాడు. నేను గింజలు వదిలి, పాదంతో మన్ను కప్పుతూ వెనక నడిచేదాన్ని. ఇప్పుడు ఆ గుంటలు అత్త తీస్తోంది. సాలు వంకరగా పోతోంది. ఆమె వెనుదిరిగి చూడలేదు, రమ్మని పిలవనూ లేదు. నేను మైనం గీకాను. మూత మీద అతని బొటనవేలి ముద్ర ఉంది. అది చెరిగింది.

మొదటి గుంటలో గింజలు వేసి మన్ను కప్పాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. తరువాతి గుంటకు నడిచాను.

సాయంత్రం సీసా కడిగాను. ఇంట్లో నీళ్లు తక్కువ. అయినా రెండుసార్లు తొలిచి, కొత్త గింజ పోసే ముందు చేసినట్టే, గోడ మీద బోర్లించాను. అత్త చూసింది.

“కాయ కోసేది జూన్‌లో కదే,” అంది.

“ఆరాలి కదత్తా.”

ఆ వారం వాన పడలేదు. పై వారం పడింది.